రామప్పకు బయలుదేరే ముందు

చిరంజీవి సౌభాగ్యవతి మాధవికి పెద్దనాన్న ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. హనుమకొండలో రాత్రి బస, మరునాడు పొద్దున రామప్ప గుడి, మధ్యాహ్నం లక్నవరం చెరువు, సాయంత్రం బొగత జలపాతం అని రాశావు. ఇలా తిరిగితే రామప్పలో నీకు మిగిలేది ఫొటో ఒక్కటే. ముందు బొగతను కొట్టేయి. అది వాజేడు దాకా వెళ్లి, వానలు పడ్డాక చూడవలసినది. లక్నవరం సంగతి తరువాత చెబుతాను. రామప్పకు మాత్రం కనీసం సగం రోజు కేటాయించు. ఈ ఒక్క మాట వింటే, మిగతా సలహాలు సగమే పాటించినా నాకు చాలు.

హనుమకొండ నుంచి గుడి ఉన్న పాలంపేట సుమారు డెబ్బై కిలోమీటర్లు. ములుగు దాటాక జంగాలపల్లి దగ్గర మలుపు తిరగాలి. తెల్లవారకముందే బయలుదేరండి. ఇది నిద్ర చెడగొట్టడానికి చెబుతున్న మాట కాదు. గుడి తూర్పుముఖం. ఏటవాలుగా వచ్చే పొద్దుటి ఎండలోనే ఎర్ర ఇసుకరాయి రంగు తేలుతుంది, చెక్కడంలోని లోతు తెలుస్తుంది. ఎండ నడినెత్తికి వస్తే చూరు నీడ పడి, దాని కింద ఉన్న మదనికలు, అంటే స్త్రీమూర్తుల శిల్పాలు, మసకబారిపోతాయి. చలికాలంలో సూర్యుడు దక్షిణంగా ఉంటాడు కాబట్టి ఆ వైపు శిల్పాలకు వెలుతురు ఇంకా బాగా అందుతుంది. మీరు కార్తీకం రద్దీ తగ్గాక వెళ్తున్నారు, అదీ మంచిదే. రెండేళ్లకొకసారి మాఘమాసంలో వచ్చే మేడారం జాతర రోజుల్లో మాత్రం ఆ దారి పట్టవద్దు, వాహనాల మధ్య ఇరుక్కుపోతారు.

వెళ్లగానే లోపలికి దూరకండి. ఆవరణలో ఒక చిన్న మండపంలో శాసన స్తంభం ఉంటుంది, ముందు అక్కడికి వెళ్లు. కాకతీయ గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు ఈ గుడి కట్టించి రుద్రేశ్వరుడిని ప్రతిష్ఠించిన సంగతి 1213 నాటి ఆ శాసనం చెబుతుంది. ‘రామప్ప’ అనేది శిల్పి పేరని జనం తరతరాలుగా చెప్పుకుంటున్న మాట. కట్టించిన సేనాని పేరు రాతి మీద ఉంది, చెక్కినవాడి పేరు జనం నోట నిలిచింది. నాకైతే ఈ రెండో పేరు మీదే ప్రేమ ఎక్కువ.

తరువాత గుడి కింద అరుగులా ఉన్న ఉపపీఠం ఎక్కి బయటి నుంచే ఒక చుట్టు తిరగండి. అది నక్షత్రాకారంలో ఆరడుగుల ఎత్తున ఉంటుంది, నడవడానికి చోటు విశాలం. మెట్లు ఎత్తుగా ఉంటాయి కాబట్టి మీ అత్తయ్యగారికి పక్కన ఒకరు ఉండాలి. లోపల నేల కూడా సమంగా ఉండదు, బండలు అక్కడక్కడా లేచి, కుంగి ఉంటాయి. తలెత్తి శిల్పాలు చూస్తూ నడిచేవాళ్లకు అదే ప్రమాదం. చూడాలనుకుంటే ఆగాలి, నడవాలనుకుంటే కిందికి చూడాలి. చెప్పులు బయటే విడవాలి. ఎండెక్కితే రాయి కాలుతుంది, పిల్లలకు మేజోళ్లు పెట్టుకో.

చుట్టూ గోడ కింది భాగంలో ఏనుగుల వరుస ఉంది. అచ్చంగా ఒకేలా ఉన్న రెండు ఏనుగులను వెతకమని పిల్లలకు చెప్పు. దొరుకుతాయో లేదో నేను చెప్పను. ఆ పని మీద వాళ్లు ఒక గంట నిన్ను విసిగించరు, ఈలోగా నువ్వు మదనికలను చూసుకోవచ్చు.

వాటిని చూడటానికి దుర్భిణి తప్పనిసరి. పక్షులను చూసేవాళ్లు వాడే చిన్నది చాలు. మూడు ద్వారాల దగ్గర చూరు కింద వాలుగా నిలిచిన ఆ 12 నల్లరాతి స్త్రీమూర్తులు చాలా ఎత్తున ఉంటాయి. కింద నుంచి చూసినవాళ్లు ‘అందంగా ఉన్నాయి’ అని వెళ్లిపోతారు. దుర్భిణిలో చూస్తే నగల వరుసలు విడివిడిగా తెలుస్తాయి. పాములను ఒంటికి చుట్టుకున్న నాగినిని గుర్తుపట్టడం కష్టం కాదు. ఎత్తు మడమల పాదరక్షలు తొడుక్కున్న ఆమెను మీ పెద్దమ్మాయికి చూపించు, నమ్మదు.

లోపల రంగమండపంలోకి వెళ్లగానే ఏమీ కనిపించదు. చుట్టూ కక్షాసనాలు, అంటే కూర్చునే రాతి అరుగులు ఉంటాయి, కాసేపు కూర్చోండి. చీకటికి కళ్లు అలవాటుపడ్డాక నడుమనున్న నాలుగు స్తంభాల మీద నాట్యకత్తెలు, మద్దెలలు వాయించేవాళ్లు ఒక్కొక్కరుగా తేలి వస్తారు. టార్చి వాడాలంటే అక్కడి సిబ్బందిని అడిగి వాడు. వెలుగు ఎదురుగా కొట్టకు, పక్క నుంచి ఏటవాలుగా వేయి. ఎదురు వెలుగులో ఎంత గొప్ప చెక్కడమైనా చదునుగా కనిపిస్తుంది.

గైడును పెట్టుకో, వద్దనను. కానీ చెప్పినదంతా రాసుకోకు. జాయప సేనాని రాసిన నాట్యగ్రంథం ‘నృత్తరత్నావళి’ చూసి ఈ భంగిమలు చెక్కారని అక్కడ వినిపించవచ్చు. శాసనం 1213 నాటిది, ఆ గ్రంథం 1253–54 ప్రాంతానిది. గుడి పని నలభై ఏళ్లు సాగిందని చెప్పేవాళ్లూ ఉన్నారు కాబట్టి నేను తీర్పు చెప్పను గానీ, పుస్తకం ముందా, శిల్పం ముందా అని గైడును మర్యాదగా అడిగి చూడు. ఆ శిల్పాల ప్రేరణతోనే నాట్యాచార్యులు నటరాజ రామకృష్ణగారు కాకతీయుల నాటి పేరిణి నృత్యానికి మళ్లీ ప్రాణం పోశారు. అది మాత్రం మన కాలంలోనే జరిగిన సంగతి.

ఇక నీటిలో తేలే ఇటుక. మీ మామయ్యగారు దాని కోసమే వస్తున్నారని రాశావు, కాబట్టి ముందే చెప్పి ఉంచు: ఇటుకలున్నది పైన విమానంలో, అంటే గర్భగుడి మీది గోపురంలో, కిందికి తెచ్చి నీళ్లలో వేసి చూపించరు. తేలడం కన్నా, ఎందుకు అలా చేశారన్నదే అసలు విషయం. పునాది గోతిని ఇసుకతో నింపి, దాని మీద ఇంత రాతి కట్టడాన్ని నిలిపారు. పైన విమానం కూడా రాయే అయితే ఆ బరువంతా కిందికి దిగుతుంది. అందుకే గుల్లగా, నీటికన్నా తేలికగా ఉండే ఇటుకలు కాల్చి పైకెత్తారు. ఆయన ఇంజనీరు కదా, ఇలా చెబితే సంతోషిస్తారు.

వేణుగోపాలుడున్న చోట రాయిని తడితే స్వరాలు పలుకుతాయని తట్టి చూపించేవాళ్లు ఉంటారు. పిల్లలను తట్టనివ్వకు. ఎనిమిది వందల ఏళ్ల రాయిని రోజూ ఎంతోమంది తడితే ఏమవుతుందో నువ్వే ఆలోచించు. 2021లో యునెస్కో గుర్తింపు వచ్చాక జనం ఇంకా పెరిగారు. చేతి చెమట, నూనె కూడా రాతికి మంచివి కావు. పసుపు, కుంకుమ, పూలు గర్భగుడిలో పూజారికి ఇవ్వండి, స్తంభాలకు పూయవద్దు. నిత్యపూజ జరిగే గుడి అది, శివలింగం ముందు ఫోను తీయవద్దని పిల్లలకు ఇంటి దగ్గరే చెప్పు.

వచ్చేముందు నంది దగ్గర ఆగండి. పిలిస్తే లేవడానికి సిద్ధంగా ఉన్నట్టుంటుంది దాని కూర్చునే తీరు. మెడలోని గంటల వరుసను దగ్గరగా చూడు.

అప్పటికి ఎండ ముదురుతుంది. తెచ్చుకున్నది తిని, రేచర్ల రుద్రుడే తవ్వించిన రామప్ప చెరువు గట్టు మీద కాసేపు తిరగండి. ఇక లక్నవరం. అక్కడి వేలాడే వంతెన కోసం పిల్లలు పట్టుబడితే కాదనకు. పట్టుబట్టకపోతే మాత్రం దగ్గరలోని గణపురం కోటగుళ్లకు వెళ్లండి. అవీ కాకతీయుల గుళ్లే, కాని చాలావరకు శిథిలాలు. కూలిన చోట దూలం స్తంభం మీద ఎలా కూర్చుందో, రాయికి రాయి ఎలా అమర్చారో బయటపడి ఉంటుంది. రామప్పలో కప్పు కింద దాగినదాన్ని మీ మామయ్యగారు అక్కడ తాపీగా చూసుకోవచ్చు. చీకటి పడకముందే రోడ్డెక్కండి, మంచినీళ్లు ఎక్కువగా పెట్టుకోండి.

మీ పెద్దనాన్న