సబ్‌స్క్రిప్షన్ మానేసినవాళ్ల లెక్క తీయడం కూడా డిజైనర్ పనేనా?

ప్రశ్న: మా అమ్మాయి బీటెక్ సీఎస్‌ఈ మూడో సంవత్సరం పూర్తి చేసింది. హైదరాబాద్‌లో ఒక ఓటీటీ కంపెనీ ప్రొడక్ట్ డిజైన్ టీమ్‌లో ఆరు నెలల ఇంటర్న్‌షిప్ వచ్చింది. పనేమిటని అడిగితే ‘సబ్‌స్క్రైబర్ల ఎక్స్‌పీరియన్స్ కొలిచి మెరుగుపరచడం’ అంటోంది. అనుభవాన్ని ఎలా కొలుస్తారో నాకు అర్థం కావడం లేదు. కోడింగ్ వదిలేసి బొమ్మలు గీసే పనిలో పడుతుందేమోనని టెన్షన్‌గా ఉంది. పంపమంటారా? – ఒక తండ్రి, హనుమకొండ

జవాబు: పంపండి. చేరేముందు కంపెనీని అడగాల్సినవి కొన్ని ఉన్నాయి, వాటి దగ్గరకు వస్తాను. ముందు మీ టెన్షన్ సంగతి చూద్దాం.

స్క్రీన్లు గీయడం ఈ ఉద్యోగంలో ఉంటుంది, కానీ అది రోజులో కొంత భాగమే. డబ్బు కట్టిన మనిషి ఎందుకు ఉంటున్నాడు, ఎందుకు వెళ్లిపోతున్నాడు అని వెతకడానికే ఎక్కువ సమయం పోతుంది. వెనకటికి కేబుల్ టీవీ అబ్బాయి నెలనెలా గుమ్మంలోకి వచ్చి డబ్బులు వసూలు చేసేవాడు. బొమ్మ సరిగా రాకపోతే అక్కడే నాలుగు మాటలు పడేవాడు. కనెక్షన్ ఎందుకు తీసేస్తున్నారో అతనికి ఎవరూ ప్రత్యేకంగా చెప్పాల్సిన పని ఉండేది కాదు. ఓటీటీ కంపెనీకి ఆ గుమ్మం లేదు. వెళ్లేవాళ్లు చెప్పకుండానే వెళ్లిపోతారు.

ఒక లెక్క అనుకుందాం. ఈ నెల 1,000 మందిలో 60 మందికి రెన్యువల్ కాలేదు. ఇలా పోయినవాళ్ల శాతాన్ని కంపెనీల్లో ‘చర్న్’ అంటారు. మేనేజరుకు కనిపించేది 6 శాతం అనే ఒక్క అంకె. డిజైన్ టీమ్ చేసే మొదటి పని ఆ 60 మందిని విడదీసి చూడడం. కొందరు నచ్చక, కావాలనే క్యాన్సిల్ చేశారు. మిగతావాళ్లకు మానేయాలన్న ఆలోచనే లేదు. కార్డు గడువు ముగిసింది, లేదా ఆ రోజు ఖాతాలో బ్యాలెన్స్ లేదు. ఈ రెండు గుంపులనూ కలిపి చూసి ‘కంటెంట్ బాగాలేదు, హోమ్ పేజీ మార్చేద్దాం’ అనుకుంటే ఆరు నెలల శ్రమ వృథా.

మన దేశంలో ఈ రెండో గుంపును ఇంకా జాగ్రత్తగా చూడాలి. రిజర్వ్ బ్యాంక్ నిబంధనల ప్రకారం 2021 అక్టోబరు నుంచి, ఆటోమేటిక్‌గా డబ్బు కట్ అయ్యే ముందు కనీసం 24 గంటల ముందుగా ఖాతాదారుకు సమాచారం వెళ్లాలి. ఇలాంటి సబ్‌స్క్రిప్షన్లలో మొత్తం రూ.15,000 దాటితే ప్రతిసారీ ఓటీపీ లాంటి అదనపు ధ్రువీకరణ కావాలి. 2020లో వచ్చిన యూపీఐ ఆటోపే (గడువు రాగానే యూపీఐ నుంచి తనంతట తానే డబ్బు కట్టే పద్ధతి) కూడా ఈ రంగాన్ని బాగా మార్చింది. ఇప్పుడు మీరే ఆలోచించండి. బ్యాంకు నుంచి మెసేజ్ వచ్చింది, అందులో ఎప్పుడూ వినని కంపెనీ పేరు కనిపించింది. మోసమేమోనని భయపడి ఆపేసేవాళ్లు ఉండరా? బ్యాంకు మెసేజ్‌కు ముందే యాప్ తనంతట తాను ‘ఎల్లుండి మీ ప్లాన్ రెన్యూ అవుతుంది, ఇంత కట్ అవుతుంది’ అని శుభ్రమైన తెలుగులో చెబితే? పేమెంట్ ఫెయిలైన నిమిషంలోనే సినిమా ఆపేయకుండా నాలుగు రోజులు గడువిచ్చి, యూపీఐలో కట్టే దారి చూపిస్తే? ఇవన్నీ డిజైన్ నిర్ణయాలే. వీటిలో బొమ్మ గీసే పని చాలా తక్కువ.

కొలవడానికి పద్ధతులున్నాయి. గూగుల్ పరిశోధకులు 2010లో ‘హార్ట్’ అనే పద్ధతిని ప్రచురించారు. సంతృప్తి, వాడకం, కొత్తగా మొదలుపెట్టడం, కొనసాగడం, పని పూర్తికావడం అని ఐదు కోణాలు. ఇంటర్వ్యూల్లో అడుగుతారు కాబట్టి నేర్చుకోమనండి. బట్టీ పట్టడానికి ఒక సాయంత్రం చాలు. ఏ అంకె దేనికి గుర్తో తేల్చుకోవడం మాత్రం కష్టం. యాప్‌లో గడిపే సమయం పెరిగిందంటే సంతోషించాలా? ఏం చూడాలో దొరక్క అరగంట వెతుకుతున్నా సమయం పెరుగుతుంది మరి.

ఒక వస్తువు వాడడం ఎంత సులువుగా ఉందో కొలవడానికి 1986లో జాన్ బ్రూక్ తయారుచేసిన ‘సస్’ అనే పది వాక్యాల ప్రశ్నపత్రం కూడా ఇప్పటికీ వాడుకలో ఉంది. దానికి 100కు స్కోరు వస్తుంది, సాధారణంగా సగటు 68 అంటారు. అది శాతం కాదు, పరీక్ష మార్కుల్లా చూడకూడదు. ‘మా యాప్‌ను స్నేహితులకు సిఫారసు చేస్తారా, 0 నుంచి 10 లోపు చెప్పండి’ అనే ప్రశ్న మీరూ చూసే ఉంటారు. దాని మీద నాకు పెద్ద నమ్మకం లేదు. మన ఇళ్లలో కట్టేవాళ్లు ఒకరు, చూసేవాళ్లు ఇంకొకరు. డాలస్‌లో ఉన్న కొడుకు డబ్బు కడతాడు, నెల్లూరులో అమ్మ సీరియల్ చూస్తుంది. సర్వే కొడుకు ఫోనుకు వెళ్తుంది. అతను తొమ్మిది ఇస్తాడు. అమ్మకు టీవీలో లాగిన్ కావడం రాక పక్కింటి పిల్లాడిని పిలుస్తోందని ఆ తొమ్మిదిలో ఎక్కడుంది?

అందుకే మనుషుల పక్కన కూర్చుని చూడాలి. ఐదుగురితో పరీక్షించినా ముఖ్యమైన ఇబ్బందులు చాలావరకు బయటపడతాయని ఈ రంగంలో పేరున్న నిపుణుడు జేకబ్ నీల్సన్ 2000లోనే రాశాడు. తర్వాత మార్పు చేసి, సగం మందికి పాతది, సగం మందికి కొత్తది చూపించి పోల్చుతారు. ఇక్కడ తొందరపడేవాళ్లే ఎక్కువ. ఆ రోజు ఎంతమంది కొన్నారన్నది చూసి చప్పట్లు కొడతారు. వాళ్లలో రెండో రెన్యువల్‌కు ఎంతమంది మిగిలారు, డబ్బు వాపసు కోసం ఎంతమంది ఫోన్ చేశారు అన్నది చూస్తేనే అసలు సంగతి తెలుస్తుంది.

క్యాన్సిల్ బటన్‌ను దాచేసి చర్న్ తగ్గించడం సులువు. ఆ పని మీ అమ్మాయిని కూడా అడగొచ్చు. మన దేశంలో 2023 నవంబరులో వచ్చిన డార్క్ ప్యాటర్న్స్ మార్గదర్శకాలు 13 రకాల మోసపూరిత డిజైన్లను నిషేధించాయి. ‘సబ్‌స్క్రిప్షన్ ట్రాప్’, అంటే చేరినవాళ్లను తేలిగ్గా బయటపడనివ్వకపోవడం, అందులో ఒకటి. అమెరికాలో ప్రైమ్ సభ్యత్వం నమోదు, రద్దు విషయంలో ఎఫ్‌టీసీ (వినియోగదారుల రక్షణ చూసే అక్కడి ప్రభుత్వ సంస్థ) వేసిన కేసును అమెజాన్ 2025లో 250 కోట్ల డాలర్లకు పరిష్కరించుకుంది. దీనికి భిన్నంగా నెట్‌ఫ్లిక్స్ 2020లో, చేరి ఏడాదైనా ఏమీ చూడనివాళ్లను ‘కొనసాగిస్తారా’ అని అడిగి, జవాబివ్వకపోతే తామే సభ్యత్వం ఆపేస్తామని ప్రకటించింది. ఈ రెండు ఉదాహరణలూ ఆమెకు తెలిసి ఉంటే మీటింగ్‌లో మాట్లాడే ధైర్యం వస్తుంది.

కోడింగ్ వృథా అవుతుందన్న భయం వద్దు. డేటాబేస్ నుంచి తనంతట తాను లెక్క తీయగల డిజైనర్లు తక్కువ, దానికి వాడే ఎస్‌క్యూఎల్ భాష మీ అమ్మాయికి ఇప్పటికే వచ్చి ఉంటుంది. ప్రాథమిక స్టాటిస్టిక్స్, స్క్రీన్లు గీసే ఫిగ్మా సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటే చాలు. మూడు నెలల్లో డిజైనర్‌ను చేస్తామనే ఖరీదైన కోర్సులకు మాత్రం డబ్బు పోయకండి. ఫ్రెషర్లకు డిజైన్ ఉద్యోగాలు సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలంత విరివిగా దొరకవన్నది కూడా నిజమే. కాబట్టి క్యాంపస్ ప్లేస్‌మెంట్లకు పేరు ఇచ్చే ఉంచమనండి.

ఇక కంపెనీని అడగాల్సినవి. వాడకం డేటా ఇంటర్న్‌కు చూపిస్తారా? యూజర్లతో నేరుగా మాట్లాడనిస్తారా? పైన సీనియర్ డిజైనర్ ఎవరైనా ఉన్నారా? చేసిన పనిని, కంపెనీ అంకెలు బయటపెట్టకుండా, పోర్ట్‌ఫోలియోలో (తర్వాత ఉద్యోగాలకు చూపించే పనుల నమూనాల్లో) పెట్టుకోవచ్చా? మూడింటికైనా ‘అవును’ అంటే చేరవచ్చు. అన్నిటికీ నసిగితే, పోస్టర్లు చేయించుకోవడానికి పిలుస్తున్నారని అర్థం.

తర్వాత డిజైన్‌లో పీజీ, అంటే ఎం.డెస్ చదవాలనిపిస్తే ఐఐటీ బాంబే నిర్వహించే సీడ్ పరీక్ష ఉంది. ఐఐటీ హైదరాబాద్ కూడా ఆ స్కోరు తీసుకుంటుంది. డిగ్రీ చివరి సంవత్సరంలో ఉన్నవాళ్లూ రాయవచ్చు, వయోపరిమితి లేదు. పరీక్ష మామూలుగా జనవరిలో ఉంటుంది, దరఖాస్తులు అక్టోబరు ప్రాంతంలో మొదలవుతాయి. ఇంటర్న్‌షిప్ ఎప్పుడు ముగుస్తుందో చూసుకుని, ఈసారి రాయాలో వచ్చేసారి రాయాలో ఆమెనే తేల్చుకోమనండి.