షాపువాడు నోటితో ఇచ్చిన మాట, ఇంగ్లండ్‌లో మన డబ్బు

తమ్ముడూ, నువ్వు రాసింది రెండుసార్లు చదివాను. సెకండ్‌హ్యాండ్ లాప్‌టాప్ 420 పౌండ్లకు కొన్నావు. రెండు వారాల్లోపు నచ్చకపోతే తెచ్చేయ్, డబ్బు మొత్తం ఇచ్చేస్తాం అన్నాడు కౌంటర్ దగ్గర ఉన్న అతను. తొమ్మిదో రోజు తీసుకెళ్తే ఇంకొకతను ఉన్నాడు. అలాంటి పాలసీ లేదు, కావాలంటే క్రెడిట్ నోట్ ఇస్తాం అన్నాడు, అంటే డబ్బుకి బదులు అదే షాపులో ఇంకేదైనా కొనుక్కోవడానికి ఇచ్చే కాగితం. ఆలోచించుకుని చెప్తానని నువ్వు వచ్చేశావు. చాలా మంచి పని చేశావు. నేను ఆ పని చేయలేకపోయాను. అందుకే ముందు నా సంగతి చెప్తాను.

మేం 2016 అక్టోబరులో రెడింగ్ వచ్చాం. అద్దెకు తీసుకున్నది పాత టెర్రస్ ఇల్లు, అంటే గోడకి గోడ కలిపి వరసగా కట్టిన ఇళ్లలో ఒకటి, మెట్లు సన్నగా ఉండి మధ్యలో మలుపు తిరుగుతాయి. బ్యాంకు ఖాతా ఇంకా తెరుచుకోలేదు, ఉన్నదంతా నగదే. పై గదిలోకి సోఫా బెడ్ కావాలని ఒక షాపుకి వెళ్తే, అక్కడ ఒక పెద్దాయన ఎంతో మర్యాదగా చూపించాడు. అది మెట్ల దారిలో పట్టి పైకి వెళ్తుందో లేదోనని అనుమానంగా అడిగాను. పట్టకపోతే వెనక్కి తెచ్చేయండి, పూర్తి రీఫండ్ ఇస్తాం అన్నాడు. ఆ మాట బిల్లు మీద రాసివ్వమని అడగాలని మనసులో అనుకున్నాను కానీ నోరు రాలేదు. పెద్ద మనిషి, తనని నమ్మలేదని బాధపడతాడేమో అనిపించింది. 340 పౌండ్లు లెక్కపెట్టి చేతిలో పెట్టాను. అప్పుడు పౌండు 82, 83 రూపాయల దగ్గర ఉండేది. అంటే 28 వేల రూపాయలు, ఒక్క ఫర్నిచర్ ముక్కకి.

సోఫా మెట్ల మలుపు దగ్గర ఇరుక్కుంది. మా ఆయన కింద నుంచి, నేను పైనుంచి గంటసేపు తంటాలు పడ్డాం. గోడకి రాసుకుని జానెడు పొడవున పెయింట్ లేచిపోయింది. అది చూడగానే నాకు సోఫా కంటే ఇంటి డిపాజిట్ గురించే ఎక్కువ టెన్షన్ పట్టుకుంది. మర్నాడు వ్యానుకి మళ్లీ డబ్బులిచ్చి షాపుకి తీసుకెళ్లాం. పెద్దాయన లేడు, శని ఆదివారాలే వస్తాడట. మేనేజరు కుర్రాడు బిల్లింగ్ కౌంటర్ వెనక ఉన్న బోర్డు చూపించాడు, మార్పిడి మాత్రమే, రీఫండ్ లేదు అని. మాకు మాట ఇచ్చారండీ అంటే, ఎవరు, ఎక్కడ రాసి ఉంది అన్నాడు. వెనక క్యూలో నలుగురు నిలబడి ఉన్నారు. నా ఇంగ్లీషు తడబడింది, మొహం వేడెక్కింది. క్రెడిట్ నోట్ తీసుకుని బయటపడ్డాను.

అదే నా తప్పు. ఆ కాగితం తీసుకున్నాక రీఫండ్ అడగడం చాలా కష్టం, ఒప్పుకునే తీసుకున్నారు కదా అంటారు. దానికి ఆరు నెలల గడువు పెట్టారు. గడువు దగ్గరపడ్డాక అక్కర్లేని రెండు దీపాలూ, ఒక కార్పెట్టూ, ఒక అద్దమూ కొన్నాం. అద్దం ఇప్పటికీ హాల్లోనే ఉంది. నాకు అందులో మొహం కంటే ముందు ఆ 28 వేలే కనిపిస్తాయి. ఆ నెల ఇంటికి పంపాల్సిన డబ్బు పంపలేకపోయాం. కొత్తగా వచ్చినవాళ్లకి డబ్బు పోవడం అంటే ఒక్క వస్తువుతో ఆగదు, అందుకే ఇంత గట్టిగా చెప్తున్నాను.

ఇక రూల్స్. ఇవి ప్రభుత్వ వెబ్‌సైట్‌లో ఉంటాయి, నువ్వే చూసుకోగలవు, క్లుప్తంగా చెప్తాను. షాపులో స్వయంగా చూసి కొన్నది నచ్చలేదని తిరిగిస్తే డబ్బు ఇవ్వాలని ఇక్కడ చట్టం లేదు. ఆన్‌లైన్‌లో కొంటే మాత్రం, కొన్ని రకాల వస్తువులు తప్ప, చేతికందాక 14 రోజుల్లో రద్దు చేసుకోవచ్చు. నోటిమాట కూడా ఇక్కడ ఒప్పందమే, చెల్లుతుంది. అది అన్నారని చూపించడం దగ్గరే మనం ఓడిపోతాం.

అయితే నువ్వు ఒక సంగతి మధ్యలో రాసి వదిలేశావు. చదువుకున్న పిల్లాడివి, అసలు బలం అక్కడ ఉందని గమనించలేదు. బ్యాటరీ ఆరు గంటలు వస్తుందని చెప్పి అమ్మారు, రెండు గంటలు కూడా రావడం లేదు అన్నావు కదా. ధర చీటీ మీద కూడా అలాగే ఉందని ఫోటో ఉందన్నావు. అలాంటప్పుడు ఇది నచ్చకపోవడం కాదు, చెప్పినట్టు లేకపోవడం. 2015 నాటి కన్స్యూమర్ రైట్స్ యాక్ట్ ప్రకారం చెప్పినట్టు లేని వస్తువుని 30 రోజుల్లోపు వద్దని తిరిగిచ్చి పూర్తి డబ్బు అడగొచ్చు. షాపు అమ్మిన సెకండ్‌హ్యాండ్ వస్తువుకీ అది వర్తిస్తుంది. రీఫండ్ లేదని గోడ మీద బోర్డు పెట్టినంత మాత్రాన ఈ హక్కు పోదు. ఈ 30 రోజులూ దాటితే ముందు రిపేరుకో మార్పిడికో వాళ్లకి ఒక అవకాశం ఇవ్వాల్సి వస్తుంది. అందుకే రోజులు లెక్కపెట్టుకో.

నాకు ఇదంతా తెలిసింది 2018లో వాషింగ్ మెషీన్ కొన్నప్పుడు. ఈసారి సిగ్గుపడలేదు. బిగించి, పాతది ఉచితంగా తీసుకెళ్తామని సేల్స్ అతను అనగానే, ఆ ముక్క బిల్లు మీద రాయండి అన్నాను. ఒక్క క్షణం నా వైపు చూసి, నవ్వి, బిల్లు కింద ఖాళీలో నీలం పెన్నుతో ఒక లైను రాసి సంతకం పెట్టాడు. నేనేమీ అడగకూడనిది అడగలేదని అప్పుడు అర్థమైంది. డెలివరీ వాళ్లు మెషీన్ గుమ్మంలో దించి, బిగించడానికి వేరే డబ్బు అడిగారు. నేను మెషీన్ లోపలికి తీసుకోలేదు, బిల్లు ఫోటో పెట్టి షాపుకి ఆ సాయంత్రమే మెయిల్ రాశాను. డెలివరీ, ఫిట్టింగ్ లాంటి పనుల్లో వాళ్లు నోటితో చెప్పింది నమ్మి మనం కొంటే ఆ మాట కూడా ఒప్పందంలో భాగమే అని చట్టంలో ఉంది, అదీ రాశాను. 289 పౌండ్లు క్రెడిట్ కార్డుతో కట్టాను కాబట్టి, తేలకపోతే కార్డు కంపెనీని అడుగుతానని చివర్లో ఒక వాక్యం చేర్చాను. నాలుగో రోజు ఫోన్ చేసి మెషీన్ వెనక్కి తీసుకెళ్లారు, తర్వాత డబ్బు మొత్తం కార్డులో పడింది. ఎవరి సాయమూ లేకుండా నేనే రాబట్టుకున్నాను. మా ఆయన ఇప్పటికీ అందరికీ చెప్తుంటాడు.

ఆ కార్డు సంగతి నీకూ ముఖ్యం. ధర 100 పౌండ్లు దాటి 30,000 వరకు ఉన్న వస్తువుకి కొంత క్రెడిట్ కార్డుతో కట్టినా, షాపు మాట తప్పితే కార్డు కంపెనీకీ బాధ్యత ఉంటుంది, కన్స్యూమర్ క్రెడిట్ యాక్ట్‌లోని ఈ నియమాన్ని సెక్షన్ 75 అంటారు. కొత్తవాళ్లకి క్రెడిట్ కార్డు త్వరగా రాదు, తెలుసు. వచ్చాక పెద్ద కొనుగోళ్లకే వాడి ప్రతి నెలా పూర్తిగా కట్టెయ్, వడ్డీ మాత్రం పడనివ్వకు. నువ్వు కట్టింది డెబిట్ కార్డుతో కాబట్టి నీకున్నది చార్జ్‌బ్యాక్, అంటే కట్టిన డబ్బు షాపు నుంచి వెనక్కి రప్పించమని బ్యాంకుని అడగడం. అది చట్టం కాదు, కార్డు వాళ్ల నియమం, దానికీ గడువు ఉంటుంది. ముందు షాపుని రాతపూర్వకంగా అడిగి, కాదన్నాక బ్యాంకుకి వెళ్లు.

ఈ రాత్రే కూర్చుని మెయిల్ రాయి. కొన్న తేదీ, సుమారు సమయం, కౌంటర్‌లో అతను ఎలా ఉంటాడు, ఏ మాటలన్నాడు, పక్కన నీ రూమ్మేట్ ఉన్న విషయం, అన్నీ మర్చిపోకముందే. బ్యాటరీ విషయం మొదట పెట్టు, రెండు వారాల మాట తర్వాత. ఈ వస్తువు చెప్పినట్టు లేదు, తిరిగిచ్చేస్తున్నాను, పూర్తి రీఫండ్ కావాలి అని స్పష్టంగా ఉండాలి. బతిమాలకు, కోప్పడకు. మన పిల్లలు ఈ రెండిట్లో ఏదో ఒకటి చేసి చెడగొట్టుకుంటారు. వాళ్లు ఒప్పుకుంటే, ఒప్పుకున్న 14 రోజుల్లోపు నువ్వు ఎలా కట్టావో అలాగే డబ్బు తిరిగివ్వాలి. ఒప్పుకోకపోతే ఇలాంటి వాటికి సలహా చెప్పే సంస్థ సిటిజన్స్ అడ్వైస్ ఉంది, వాళ్లని అడుగు, ఉచితమే. చిన్న మొత్తాల కోర్టు అన్నిటికంటే చివర, అక్కడ ఫీజు ముందు మన జేబులోంచే పోతుంది.

శనివారం ఆ మొదటి అతను డ్యూటీలో ఉంటాడేమో కనుక్కుని రూమ్మేట్‌తో కలిసి వెళ్లు. లాప్‌టాప్, చార్జరు, డబ్బా, బిల్లు, మెయిల్ ప్రింటు అన్నీ పట్టుకెళ్లు. క్రెడిట్ నోట్ ఇస్తామని మళ్లీ అంటే, వద్దండీ అని చెప్పి, రీఫండ్ కుదరదన్న ఆ మాట వాళ్ల చేతే రాయించుకుని రా.