‘తర్వాత గుర్తుచెయ్’ అని ఎన్నాళ్లు నొక్కుతారు?

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో సగం పైన ఒకటే గోల, అప్‌డేట్లు. చేస్తే ఏమవుతుందో అని కొందరికి టెన్షన్, చేయకపోతే ఏమవుతుందో అని ఇంకొందరికి. వాటిలోంచి నాలుగు ఏరాను.

ప్రశ్న: సర్, మాది చిన్న డీటీపీ సెంటర్. శుభలేఖలు, కరపత్రాలు, ఫ్లెక్సీల మ్యాటర్ చేస్తాం. పేజ్‌మేకర్, అను ఫాంట్లు విండోస్ 7లో హాయిగా నడుస్తున్నాయి. మెయిలూ, బ్యాంకు పనులూ కూడా ఆ సిస్టమ్‌లోనే. మా బావమరిది వచ్చినప్పుడల్లా ‘బావా, దీన్ని మార్చెయ్, ఏదో ఒకరోజు కొంప మునుగుతుంది’ అంటాడు. పదేళ్లుగా ఏమీ కాలేదు, ఇప్పుడేమవుతుంది? కొత్త విండోస్‌లో నా సాఫ్ట్‌వేర్ తెరుచుకోకపోతే పెళ్లిళ్ల సీజన్‌లో నా గతేంటి?
– డీటీపీ సెంటర్ యజమాని, తాడేపల్లిగూడెం

జవాబు: మీ బావమరిది చెప్పిందీ నిజమే, మీ భయమూ నిజమే. ముందు ఆయన మాట సంగతి చూద్దాం. మనలాంటి మామూలు వాళ్లకు విండోస్ 7 సెక్యూరిటీ అప్‌డేట్లు 2020 జనవరి 14తో ఆగిపోయాయి. క్రోమ్ కూడా 2023 మొదట్లో, 109వ వెర్షన్ దగ్గర, మీ విండోస్‌ని వదిలేసి ముందుకెళ్లిపోయింది. అంటే మీరు బ్యాంకు సైటు తెరుస్తున్నది అప్పటి బ్రౌజర్‌లో.

‘పదేళ్లుగా ఏమీ కాలేదు’ అన్నారు. 2017 మే 12 పొద్దున దాకా చాలామంది ఇలాగే అనుకున్నారు. ఆ రోజు వానాక్రై అనే వైరస్ దిగింది. ఫైళ్లన్నిటికీ తాళం వేసి, 300 డాలర్లు బిట్‌కాయిన్లలో కట్టు, ఆలస్యం చేస్తే 600 అని తెర మీద ఎర్రటి బోర్డు పెట్టింది. దీన్ని ఎవరూ క్లిక్ చేయనక్కర్లేదు, ఒక మెషీన్‌లో దూరితే నెట్‌వర్క్‌లో ఉన్న పక్క మెషీన్లకు అదే పాకుతుంది. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రులు రోగుల్ని వెనక్కి పంపాయి. మన దగ్గర చిత్తూరు జిల్లాతో సహా ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని మొరాయించాయి. ఇందులో కడుపు మండే సంగతి ఏంటంటే, ఆ వైరస్ దూరిన విండోస్ లోపాన్ని, అంటే ఆ కన్నాన్ని, పూడ్చే అప్‌డేట్ మార్చి 14నే వచ్చేసింది. రెండు నెలల పాటు జనం ‘తర్వాత’, ‘తర్వాత’ అని నొక్కుతూ కూర్చున్నారు. దెబ్బతిన్నవాటిలో అత్యధికం ఏవనుకున్నారు? మీ విండోస్ 7 మెషీన్లే.

ఇంకో సంగతి, ఇది మీకు నా కంటే బాగా అర్థమవుతుంది. మీరు ప్రూఫులు దిద్దాక పాత కాపీ, కొత్త కాపీ పక్కపక్కన పెట్టి ఎక్కడ మారిందో చూస్తారు కదా. అప్‌డేట్ రాగానే దొంగలూ అదే పని చేస్తారు. పాత ఫైలు, కొత్త ఫైలు పోల్చి, ఏ చోట మారిందో ఆ చోటే కన్నం ఉందని పట్టేస్తారు. కాబట్టి అప్‌డేట్ రాకముందు కంటే, వచ్చాక మనం వేసుకోకుండా ఉండే రోజులే ఎక్కువ ప్రమాదం. ఇక ఎప్పటికీ అప్‌డేట్ రాని మెషీన్ అంటే తలుపు తీసిపెట్టి ఊరెళ్లినట్టు.

ఇప్పుడు మీ భయం. పాత సిస్టమ్‌ని పారేయమని నేను అనను, దాన్ని నెట్ నుంచి విడదీయండి చాలు. ల్యాన్ వైరు పీకేయండి, వైఫై ఉంటే ఆపేయండి. అందులో పేజ్‌మేకర్ పని మాత్రమే చేసుకోండి. మెయిలు, బ్యాంకు, కస్టమర్లు వాట్సాప్‌లో పంపే ఫొటోలు, ఇవన్నీ ఇంకో మెషీన్‌లో. రెండింటి మధ్యా ఒక్కటే పెన్‌డ్రైవ్, అది మీ షాపుదే. కస్టమర్ జేబులోంచి తీసి ఇచ్చే పెన్‌డ్రైవ్ నేరుగా పాత సిస్టమ్‌కి పెట్టొద్దు, ముందు కొత్తదానిలో స్కాన్ చేయండి (ఆ పెన్‌డ్రైవ్ మీకంటే ముందు ఎన్ని జెరాక్స్ షాపులు తిరిగొచ్చిందో ఆ దేవుడికే తెలియాలి). పాత శుభలేఖల ఫైళ్లన్నీ ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులోకి కాపీ చేసి, వెంటనే వైరు తీసి బీరువాలో పెట్టండి. తగిలించే ఉంచితే తాళం వేసేవాడు దానికీ వేసేస్తాడు.

రెండో మెషీన్ సెకండ్ హ్యాండ్‌లో కొంటారేమో, ఒక్కటి చూసుకోండి. షాపువాడు ‘ఐ7 సర్, రాకెట్టే’ అంటాడు. ఐ7 అన్నాక వచ్చే నంబరు అడగండి. 4770 అని ఉంటే నాలుగో తరం, విండోస్ 11కి పనికిరాదు. ఇంటెల్‌లో ఎనిమిదో తరం, ఆ పైన అయితేనే, అంటే 8700 లాంటి నంబరు ఉంటేనే తీసుకోండి. టీపీఎమ్ 2.0 (సెక్యూరిటీ చిప్) ఉందో లేదో కూడా అడగండి, లేకపోతే విండోస్ 11 ఎక్కదు. ‘విండోస్ ఫ్రీగా వేసిస్తా’ అని క్రాక్ (దొంగ కాపీ) వేసిస్తే మాత్రం వద్దనండి, దాన్ని అసలుదిలా నడిపించే యాక్టివేటర్ ఫైళ్లలోనే వైరస్ దాచి అమ్మేవాళ్లున్నారు.

ప్రశ్న: నేను రిటైర్డ్ టీచర్ని. లాప్‌టాప్‌లో విండోస్ 10. ఫోన్ హాట్‌స్పాట్‌తో నెట్ వాడతాను, రోజుకు ఒకటిన్నర జీబీ. అప్‌డేట్ మొదలైందంటే మధ్యాహ్నానికే డేటా ఖాళీ. అందుకే ఆపించేశాను. పైగా 2024లో అప్‌డేట్ వల్లే కదండీ విమానాలు ఆగిపోయింది?
– విశ్రాంత ఉపాధ్యాయుడు, సిద్దిపేట

జవాబు: మాస్టారూ, ఆ విమానాల సంగతి నాకూ గుర్తే. 2024 జులై 19న హైదరాబాద్‌లో ఒక ప్రయాణికుడికి చేత్తో రాసిచ్చిన బోర్డింగ్ పాస్ అందరి ఫోన్లలోనూ తిరిగింది. ప్రపంచమంతా కలిపి 85 లక్షల మెషీన్లు నీలి తెర వేసుకుని కూర్చున్నాయి. కానీ అది విండోస్ అప్‌డేట్ కాదు. పెద్ద కంపెనీలు వాడే క్రౌడ్‌స్ట్రైక్ అనే సెక్యూరిటీ సాఫ్ట్‌వేర్‌కి వచ్చిన తప్పుడు ఫైలు అది. మీ ఇంటి లాప్‌టాప్‌లో ఆ సాఫ్ట్‌వేర్ ఉండే అవకాశమే లేదు. అయినా అప్‌డేట్లలో తప్పులు రావని నేను బుకాయించను, వస్తాయి. అంత అనుమానంగా ఉంటే విండోస్ అప్‌డేట్ పేజీలో ఏడు రోజులు ఆపే బటన్ ఉంటుంది, వారం ఆగి వేసుకోండి. వారం వేరు, సర్వీసునే ఆపించేయడం వేరు. ముందు దాన్ని మళ్లీ ఆన్ చేయించండి.

డేటా విషయానికి వస్తే, సెట్టింగ్స్‌లో మీ హాట్‌స్పాట్ పేరు మీద నొక్కి ‘మీటర్డ్ కనెక్షన్’ ఆన్ చేయండి. అప్పుడు మిమ్మల్ని అడగకుండా పెద్ద డౌన్‌లోడ్లు చాలావరకు మొదలవవు. నెలకోసారి బ్రాడ్‌బ్యాండ్ ఉన్న ఇంటికి, పిల్లల ఇంటికో పక్కింటికో, లాప్‌టాప్ పట్టుకెళ్లండి. ఎప్పుడంటే, మైక్రోసాఫ్ట్ ప్రతి నెలా రెండో మంగళవారం అప్‌డేట్లు వదులుతుంది, మన గడియారంలో ఆ రాత్రి పదిన్నరకి, చలికాలంలో పదకొండున్నరకి. కాబట్టి బుధవారమో గురువారమో వెళ్తే సరి, చార్జర్ మర్చిపోకండి. సగంలో బ్యాటరీ అయిపోతే అదో తలనొప్పి. నేనొకసారి వ్యాసం సేవ్ చేయకుండా టీకి లేచి, వచ్చేసరికి సిస్టమ్ రీస్టార్ట్ అయి ఉంది. వారం నుంచి వాయిదా వేసింది నేనే, ఎవర్ని తిట్టను?

ఇంకో ముఖ్యమైన మాట. విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో అయిపోయింది. అదే అప్‌డేట్ పేజీలో ఈఎస్‌యూ అనే అదనపు సెక్యూరిటీ పథకంలో చేరే లింకు కనిపిస్తుంది. చేరితే 2026 అక్టోబరు 13 దాకా సెక్యూరిటీ అప్‌డేట్లు వస్తాయి. మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో సెట్టింగ్స్ బ్యాకప్ ఆన్ చేస్తే డబ్బు కట్టక్కర్లేదు.

ప్రశ్న: అన్నా, సినిమా పాటల సైటు తెరిస్తే ‘మీ క్రోమ్ పాతబడింది, వెంటనే అప్‌డేట్ చేయండి’ అని వచ్చింది. విండోస్ బటన్, ఆర్ కలిపి నొక్కి, కంట్రోల్ వి, ఎంటర్ కొట్టమంది. నేను భయపడి మూసేశాను, నా రూమ్మేట్ మాత్రం చేసేసింది. ఏమీ కాలేదంటోంది.
– బీటెక్ విద్యార్థిని, కాకినాడ

జవాబు: నువ్వు మూసేసి బతికిపోయావమ్మా. ఏ వెబ్‌సైటూ నీ క్రోమ్‌ని అప్‌డేట్ చేయమని ఇలా అడగదు. ఆ సైటు ముందే ఒక కమాండ్‌ని చాటుగా కాపీ చేసి పెడుతుంది, కంట్రోల్ వి కొట్టినవాళ్లు తమ చేత్తోనే దాన్ని నడిపినట్టు. ‘ఏమీ కాలేదు’ అనిపించడమే వాడికి కావాల్సింది, సేవ్ చేసిన పాస్‌వర్డ్‌లు ఎత్తుకెళ్లేవాడు చప్పుడు చేస్తాడా? మీ రూమ్మేట్‌ని ఇవాళే నెట్ ఆపేయమను. పాస్‌వర్డ్‌లన్నీ ఫోన్ నుంచి మార్చమను, ముందు మెయిలుది, తర్వాత బ్యాంకుది. ఆ లాప్‌టాప్‌ని ఫార్మాట్ చేయించడమే మంచిది. డబ్బు పోయినట్టు మెసేజ్ వస్తే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. నిజంగా క్రోమ్ అప్‌డేట్ చేసుకోవాలంటే మూడు చుక్కలు, హెల్ప్, అబౌట్ గూగుల్ క్రోమ్, అంతే.

ప్రశ్న: విండోస్ అప్‌డేట్ ఎప్పుడూ ఆన్‌లోనే ఉంటుంది. ఇంక నిశ్చింతేనా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: జిప్ ఫైళ్లు విప్పే విన్‌రార్ ఉందా మీ దగ్గర? 40 రోజుల ట్రయల్ అని పుష్కరకాలంగా నడుపుతుంటాం చూడండి, అదే. దానంతట అది అప్‌డేట్ అవదు, విండోస్ కూడా చేయదు. 2023లో ఒక కన్నం దొరికింది, జిప్ ఫైలు తెరిచి లోపల మామూలు బొమ్మ మీద నొక్కితే చాటున ఉన్న స్క్రిప్టు నడిచేది. ఆగస్టులో 6.23 వచ్చి దాన్ని పూడ్చేసరికే దొంగలు నెలల తరబడి వాడేసుకున్నారు. 2025లో మళ్లీ ఇంకోటి, దానికి 7.13 వచ్చింది. హెల్ప్‌లో అబౌట్ నొక్కి మీ నంబరు చూడండి. 7.13 కంటే తక్కువైతే పాతది తీసేసి వాళ్ల సొంత సైటు నుంచే కొత్తది వేసుకోండి.