కొత్త బావకు కోడి కాల్చే ముందు

చిరంజీవి బుజ్జికి అత్తయ్య ఆశీస్సులు.

పండక్కి వచ్చే కొత్త బావ కొవ్వులేని మాంసమే తింటాడని, అతని కోసం కోడి రొమ్ముముక్కలు నిప్పుల మీద కాల్చిపెడతానన్నావని మీ అమ్మ ఫోనులో చెప్పింది. మన ఇంట్లో ఒక మగపిల్లవాడు అల్లుడికి వండిపెడతాననడం ఇన్నాళ్ళకు విన్నాను, పొంగిపోయాను. భోగిమంట నిప్పులే వాడుకుంటావని తెలిశాక మాత్రం నిద్ర పట్టలేదు. ఆ మంటలో రంగు వేసిన పాత తలుపులు పడతాయి, ఎవరూ చూడనప్పుడు ప్లాస్టిక్ కూడా పడుతుంది. ఆ పొగ తిండికి తగలకూడదు. వేరే కుంపటి పెట్టుకో. అంబాజీపేట పక్కన ఉండి కొబ్బరిచిప్పల బొగ్గుకు కరువేమిటి? గడ్డిమేటుకూ పీచుకుప్పకూ దూరంగా, ఆరుబయట పెట్టు. చలిగా ఉందని గదిలోకి తేవద్దు. బొగ్గుల నుంచి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు వాసన ఉండదు, మనిషికి తెలిసేలోపే ప్రాణం తీస్తుంది. పక్కన బకెట్టుతో నీళ్ళు ఉండాలి. నవ్వకు.

ఇక మీ నాన్న సంగతి. నా పెళ్ళయ్యాక మొదటి సంక్రాంతికి మీ మామయ్య కోసం అన్నయ్య సరిగ్గా ఇదే పని పెట్టుకున్నాడు. ఆయన చెయ్యి తిరిగింది నాటుకోడి మీద. అది ఎంత ఉడికితే అంత రుచి. బ్రాయిలర్ రొమ్మునూ అదే లెక్కన చూశాడు. పొద్దున్నే నిమ్మరసం పిండి మధ్యాహ్నం దాకా ఉంచాడు. పులుపు అంతసేపు పడితే ముక్క పైభాగం సున్నంలా తెల్లబడి పిండిపిండిగా అయిపోతుంది. ఆ తరువాత మంట మీద వేసి తిప్పుతూనే ఉన్నాడు. పచ్చిమాంసం పెట్టి అల్లుణ్ణి ఆస్పత్రి పాలు చేస్తామేమోనని మా అమ్మ వెనకనుంచి "ఇంకాస్త, ఇంకాస్త" అంటూనే ఉంది. రొమ్ములో కొవ్వు చాలా తక్కువ. వేడి మితిమీరితే మాంసం ముడుచుకుని తనలోని నీటిని పిండేసుకుంటుంది. ఆ నీరు పోయాక ఎంతసేపు కాల్చినా మెత్తబడదు, ఇంకా ఎండుతుంది. మామయ్య ముక్కముక్కకూ మజ్జిగ తాగుతూ "బాగుంది బావగారూ" అన్నారు. అన్నయ్య నమ్మి ఇంకో ముక్క వడ్డించాడు! ఈ మాట మీ నాన్నతో అనకు. ఆ రోజు పొగకు కళ్ళు ఎర్రబడినా ఆయన కుంపటి దగ్గరి నుంచి లేవలేదు.

నువ్వు చెయ్యవలసింది చెబుతాను. ముక్క లావుగా ఉన్న పక్కను చపాతీ కర్రతో కొట్టి అంతా ఒకే మందానికి తీసుకురా, లేకపోతే సన్నని అంచు ఎండిపోయేదాకా మధ్యభాగం ఉడకదు. లీటరు నీటిలో 50 గ్రాముల ఉప్పు కరిగించి, ముక్కలు వేసి ఫ్రిజ్‌లో గంటసేపు ఉంచు. లోపలికి దిగిన ఉప్పు నీటిని పోనివ్వకుండా పట్టి ఉంచుతుంది. తీసి కాగితంతో తడి అద్ది, నూనె, కొద్దిగా పెరుగు, అల్లం వెల్లుల్లి, కారం పట్టించు. మళ్ళీ ఉప్పు వేశావో, నా చేత తిట్లు తింటావు. నిమ్మకాయ వడ్డించేటప్పుడే.

నిప్పుల మీద తెల్లని బూడిద కమ్మేదాకా ఆగి, వాటిని ఒక పక్కకు తోసెయ్యి. ముందు వాటి మీద ముక్కకు రెండువైపులా రంగు రానిచ్చి, తరువాత నిప్పు లేని పక్కకు జరిపి మూత పెట్టు. పచ్చిముక్కలు పెట్టిన పళ్ళెంలోకి కాల్చినవి తీయకు. తీశాక ఐదు నిమిషాలు కదపకుండా ఉంచి, నారకు అడ్డంగా కోయి.

ఎప్పుడు తీయాలనేది కంటితో తేల్చుకోవద్దు. మాంసంలో గుచ్చి చూసే థర్మామీటరు కొను. లావైన చోట మధ్యకు గుచ్చితే 74 డిగ్రీల సెల్సియస్ చూపగానే తీసెయ్యి. అంతకు ముందు తీస్తే నాకు భయం, ఆ తరువాత ఉంచితే బావకు మజ్జిగే గతి. మీ అమ్మ కూడా వెనక నిలబడి "ఇంకాస్త" అంటుంది, చూస్తూ ఉండు. వాదించకుండా ఆ అంకె చూపించు.

పండక్కి ముందు ఒకసారి నీ కోసం రెండు ముక్కలు కాల్చుకుని చూడు. థర్మామీటరు అక్కడ దొరకకపోతే వెంటనే ఫోను చెయ్యి. ఈ వారం మామయ్య కాకినాడ వెళ్తున్నారు, తెస్తారు.

మీ అత్తయ్య