అల్లుడూ, ముందు గది సంగతి చూడు

ఒరేయ్ అల్లుడూ,

నిన్న రాత్రి అక్క ఫోన్ చేసి, "నీ మేనల్లుడు మేడ మీద గదిలో స్టూడియో పెడతాడంట, అరవై వేలు అడుగుతున్నాడు, ఇమ్మంటావా తమ్ముడూ" అంది. ఇమ్మన్నాను. బావగారికి కూడా నేనే చెప్తానులే, ఆ టెన్షన్ పెట్టుకోకు. కానీ నువ్వు వాట్సాప్‌లో పెట్టిన లిస్టు చూశాక నాకు మనసాగలేదు. పెద్ద స్పీకర్లు, వాటికి తోడు సబ్‌వూఫర్, కండెన్సర్ మైకు, 61 కీల కీబోర్డు, గోడకి రంగుల లైట్లు. గది గురించి ఒక్క ముక్క లేదు, కరెంటు గురించి అసలే లేదు. ఇరవై ఏళ్ళ పైన ఆర్కెస్ట్రాల్లో కీబోర్డు వాయించి, ఇంట్లో రికార్డింగ్ పెట్టుకుని, నేను డబ్బూ నిద్రా పోగొట్టుకున్నది ఆ రెండింటి దగ్గరే. ఫోన్‌లో తేలే విషయం కాదని కూర్చుని రాస్తున్నాను.

ఆ గదిలో సామాన్లన్నీ తీసేసి మధ్యలో నిలబడి ఒక్కసారి గట్టిగా చప్పట్లు కొట్టు. చప్పట్ల వెనకాల ట్రింగ్‌మని సన్నగా మోగుతుంది చూడు, ఎదురెదురు గోడల మధ్య శబ్దం బంతిలా కొట్టుకుంటోందన్నమాట. అది చెవికి తెలిసిపోతుంది కాబట్టి ఫర్వాలేదు. తెలియకుండా ముంచేది బేస్, అంటే కింది స్వరాల గుమ్ము.

పాలకొల్లులో నేను అద్దెకి తీసుకున్న మొదటి గది సరిగ్గా పదడుగుల చదరం. టేబుల్ నడిమధ్యలో వేసుకున్నాను. ఓ తీర్థానికి, అదే జాతరకి, బీట్ చేస్తుంటే కిక్, అంటే పెద్ద డ్రమ్ము దెబ్బ, ఎంత పెంచినా చెవికి ఆనేది కాదు. పెంచాను, ఇంకా పెంచాను, మూడు రాత్రులు అలాగే కూర్చున్నాను. తీర్థం నాడు పెద్ద బాక్సుల్లో వేసేసరికి పాట లేదు, డప్పు లేదు, ఒకటే గుమ్ గుమ్. డప్పు వాయించిన పెద్దాయన నా దగ్గరికొచ్చి, "బాబూ, నా దెబ్బ ఏదయ్యా?" అని నెమ్మదిగా అడిగాడు. నాలుగు తిట్టినా బాగుండేది. ఆ మాట ఇప్పటికీ చెవిలోనే ఉంది.

కారణం తర్వాత తెలిసింది. శబ్దం సెకనుకి సుమారు 340 మీటర్లు పోతుంది. పదడుగులంటే మూడు మీటర్ల చిల్లర, పోనూ రానూ ఆరు. 340ని దాంతో భాగించి చూడు, 56 హెర్ట్జ్ దగ్గర వస్తుంది, అంటే సెకనుకి 56 సార్లు ఊగే కింది స్వరం. ఆ స్వరం ఆ గదిలో గోడల దగ్గర ఉబ్బిపోతుంది, నడిమధ్యలో దాదాపు మాయమైపోతుంది. రోలాండ్ వాళ్ళు 1980లో తెచ్చిన టీఆర్ 808 డ్రమ్ మెషీన్ కిక్ ఉంది చూశావూ, నువ్వు చేసే పాటలన్నీ దాని మీదే నిలబడతాయి, అదీ ఆ చుట్టుపక్కలే మోగుతుంది. నేను కూర్చున్న చోట కిక్ లేదు, గదిలో మాత్రం ఉంది. పైగా గది చదరం కాబట్టి పొడవుకీ వెడల్పుకీ అదే లెక్క, దెబ్బ రెట్టింపు.

మీ మేడ గది పదడుగుల వెడల్పు, పన్నెండడుగుల పొడవు కదా, చదరం కాదు, అది నీ అదృష్టం. పొడవు వైపు చూస్తూ కూర్చో. ఎదురు గోడ నుంచి నీ తల నాలుగున్నర అడుగుల దూరంలో ఉండేలా మొదలుపెట్టి, 50, 60 హెర్ట్జ్ స్వరం ఒకటి పెట్టి ముందుకీ వెనక్కీ జరుగుతూ బేస్ మరీ ఉబ్బకుండా, మరీ పోకుండా ఉన్న చోటు వెతుక్కో. స్పీకర్లు రెండూ, నీ తలా కలిపి మూడు భుజాలూ సమానంగా ఉండాలి, ట్వీటరు, అదే స్పీకర్లో పై స్వరాలు పలికే చిన్నది, చెవి ఎత్తులో ఉండాలి. తర్వాత మీ చెల్లిని పిలిచి పక్క గోడ వెంట అద్దం జరపమను. నువ్వు కూర్చున్న చోటి నుంచి అద్దంలో స్పీకర్ కనబడిన చోటల్లా శబ్దం గోడకి తగిలి నీ మీదకొస్తుంది, అక్కడ ప్యానెల్ పెట్టాలి.

ప్యానెల్స్ కొనకు. అంబాజీపేట పక్కన పుట్టి శబ్దం పీల్చే పీచు బయట కొంటావా? నాలుగంగుళాల మందం చెక్క ఫ్రేములు మన వడ్రంగి చేత కొట్టించు. శుభ్రం చేసి బాగా ఎండబెట్టిన కొబ్బరి పీచు ఒత్తుగా దట్టించి పైన పల్చటి నూలుగుడ్డ బిగించు. గోడకి అంటించకుండా మూడు నాలుగంగుళాలు ఎడం వదులు, ఇంకా కింది స్వరాలదాకా పీలుస్తుంది, వానాకాలంలో గోడ చెమ్మ కూడా తగలదు. వేసవిలో ఓసారి ఎండలో పెట్టు, లేకపోతే బూజు పట్టేస్తుంది. పీచు చప్పున అంటుకుంటుంది కాబట్టి వైర్ల దగ్గర మాత్రం పెట్టకు. మూలల్లో దళసరిగా రాక్‌వూల్, అదే రాతి ఉన్ని, పెడితే మంచిదే, కానీ ఆ 56 దాకా ఏ నాలుగంగుళాల ప్యానెలూ దిగదు, అందుకే కూర్చునే చోటు అంత ముఖ్యం. గుడ్ల అట్టలు అంటిస్తానంటే మాత్రం ఒప్పుకోను, వాటివల్ల పై స్వరాలు కాస్త మసకబారతాయంతే, బేస్ వాటిని లెక్క కూడా చెయ్యదు.

బేస్ కోసం విడిగా పెట్టే ఆ సబ్‌వూఫర్‌ని లిస్టులోంచి తీసేయ్. ఆ చిన్న గదిలో అది నీకు అబద్ధాలు చెప్తుంది. ఐదంగుళాల మానిటర్ స్పీకర్లు చాలు, యమహా హెచ్ఎస్5 లాంటివి, అవీ రెండో విడతలో. మొదటి ఆరు నెలలు మంచి హెడ్‌ఫోన్ మీద పని చెయ్యి, ఎందుకంటే హెడ్‌ఫోన్‌కి గది గొడవ లేదు. కండెన్సర్ మైకు కూడా ఇప్పుడు వద్దు. మీ ఇంటి వెనక కొబ్బరితోటలో కాకులు, పక్కింటి మోటారు, రోడ్డు మీద కోళ్ళ బండి అన్నీ వినేస్తుంది అది. పైగా మన గాలిలో చెమ్మ దానికి పడదు. ఎప్పుడు కొన్నా సిలికా జెల్ పొట్లాలు వేసిన గాలి చొరబడని డబ్బాలో పెట్టుకోవాలి.

కరెంటు. ఇది సరిగ్గా చదువు. చుట్టూ రొయ్యల చెరువులున్నచోట రాత్రి నీళ్ళలో గాలి కలిపే ఏరేటర్లు తిరగడం మొదలైతే వోల్టేజీ ఎలా ఊగుతుందో నీకు వేరే చెప్పాలా? నువ్వేమో పని చేసేది రాత్రే. నేను ఒక పాటని ఫైలుగా బయటికి తీస్తుండగా కరెంటు పోయి హార్డ్ డిస్క్ చచ్చిపోయింది, అందులో పదకొండు పాటలున్నాయి, ఒక్కటీ తిరిగి రాలేదు. చిన్న యూపీఎస్ ఒకటి పెట్టు, సేవ్ చేసి ఆపడానికి ఆ కాసేపు చాలు. పాటల కాపీ ఒకటి ఇంట్లో వేరే డిస్కులో, ఒకటి ఇంటర్నెట్‌లో ఉంచు. గోదావరి పొంగే ఊళ్ళో ఉంటున్నాం, ఒకే ఇంట్లో రెండు కాపీలు పెట్టుకుంటే ఒక కాపీ కిందే లెక్క.

ఎర్తింగ్ మరీ ముఖ్యం. లాప్‌టాప్ మీద చెయ్యి వేస్తే జివ్వుమంటోందని అన్నావు కదా, సాధారణంగా అది ఎర్త్ లేకపోవడమే. స్పీకర్లో గుయ్‌మని సన్నగా మోత వస్తే చార్జర్ పీకి చూడు, ఆగిపోయిందంటే దోషం అక్కడే. కొందరు మూడో పిన్ను విరిచేసి మోత ఆపేస్తారు. నువ్వు ఆ పని చేశావని తెలిస్తే నేనే వచ్చి అన్నీ మూట కట్టేస్తాను, అది ప్రాణం మీదకి తెస్తుంది. ఎలక్ట్రీషియన్ని పిలిచి పెరట్లో ఎర్త్ గుంత చూపించు, బొగ్గూ ఉప్పూ ఉన్నాయో లేదో, ఎండాకాలం నీళ్ళు పోస్తున్నారో లేదో అడుగు. తర్వాత నీ సామానంతా ఒకే బోర్డు నుంచి తీసుకో, రెండు చోట్ల ఎర్త్ తగిలితే మోత మళ్ళీ మొదలవుతుంది. స్పీకర్లు అన్నిటికన్నా చివర వెయ్యి, అన్నిటికన్నా ముందు ఆపు.

ఇంక మిగిలింది తేలిక. నీ లాప్‌టాప్‌కి 16 జీబీ ర్యామ్, ఎస్ఎస్‌డీ ఉంటే కొత్తది అక్కర్లేదు. మైకుని లాప్‌టాప్‌కి కలిపే రెండు ఇన్‌పుట్ల ఇంటర్‌ఫేస్ ఒకటి, 25 కీల చిన్న కీబోర్డు ఒకటి. పాట రికార్డ్ చేసి కలిపే సాఫ్ట్‌వేర్లలో రీపర్ 60 రోజులు ఉచితంగా వాడి చూసి తర్వాత కొనుక్కో, ఎఫ్ఎల్ స్టూడియో చేతికి అలవాటైతే అదే ఉంచు, నాకేం పేచీ లేదు. సర్జ్, వైటల్ అని ఉచితంగా దొరికే సింథ్‌లు, అంటే కంప్యూటర్లోనే స్వరాలు పుట్టించే వాయిద్యాలున్నాయి, ఆ రెండూ పూర్తిగా తెలిశాకే ఇంకోటి. వాయించేటప్పుడు బఫర్, అంటే కంప్యూటర్ ఒక్కోసారి పోగేసుకునే శబ్దం ముక్క, 128 పెట్టుకుంటే దానివల్ల ఆలస్యం సుమారు మూడు మిల్లీ సెకన్లే, మిక్సింగ్‌కి 512కి పెంచు. 24 బిట్‌లో రికార్డ్ చెయ్యి, ఎర్ర లైటు దాకా తోయకు, మీటర్లో మైనస్ 12 డెసిబెల్స్ చాలు.

ఆ చిన్న కీబోర్డు మీద స్వరాన్ని పైకీ కిందికీ జార్చే పిచ్ బెండ్ చక్రం ఉంటుంది, అందరూ దాన్ని ఆటకి తిప్పి వదిలేస్తారు. మిడీలో, అంటే కీబోర్డు కంప్యూటర్‌తో మాట్లాడే భాషలో, ఒక్కో కీ దెబ్బ బలానికి 128 మెట్లే, బెండ్‌కి 16,384 మెట్లున్నాయి. గమకమంతా అక్కడ ఉంది. బెండ్ పరిధి రెండు అరస్వరాలకి పెట్టుకుని, మోహనలో గాంధారం మీద ఊపు ఒక్కటి వారం రోజులు సాధన చెయ్యి. నీ పాట నీదని జనానికి తెలిసేది అక్కడే. ఇంటర్నెట్లో దొరికే శాంపిల్ ప్యాకులు, అంటే ముందే రికార్డ్ చేసి పెట్టిన శబ్దాలు, అందరి దగ్గరా ఉంటాయి. సఖినేటిపల్లి రేవులో గోదావరి దాటించే పంటు ఇంజిను, రైసుమిల్లు బెల్టు, వాన వెలిశాక వరిచేలో కప్పలు, కనుమ నాడు జగ్గన్నతోట ప్రభల తీర్థంలో డప్పులు, ఇవి ఫోన్‌తో తీసి పెట్టుకో. డప్పు వాయించేవాళ్ళని మాత్రం ముందు అడిగి, వాళ్ళ చేతిలో ఏదైనా పెట్టి తీయి.

చెవులు జాగ్రత్త. మామూలుగా మాట్లాడితే వినిపించేంత సౌండులోనే పని చెయ్యి. 85 డెసిబెల్స్ అయితే రోజుకి ఎనిమిది గంటలే హద్దు, ప్రతి మూడు డెసిబెల్స్‌కీ ఆ టైం సగమైపోతుంది. నా ఎడమ చెవిలో రాత్రుళ్ళు కీచురాయి ఆగదు, స్టేజి మీద పదేళ్ళు స్పీకర్ పక్కనే నిలబడ్డాను.

వచ్చే ఆదివారం పొద్దున్నే బయల్దేరి వస్తాను. అప్పటికి గది ఖాళీ చేసి, కొలిచే టేపూ ఓ పెద్ద అద్దం సిద్ధంగా ఉంచు. పీచు గురించి బావగారిని అడుగు, రేటు ఆయనకే తెలుస్తుంది. నేనొచ్చేదాకా ఏదీ ఆర్డర్ పెట్టకు.

మీ మావయ్య