చందమామ, నక్షత్రాల డెజర్ట్ టేబుల్: అమ్మలూకి పెద్దమ్మ ఉత్తరం

అమ్మలూ,

పాప పుట్టినరోజుకి చందమామ, నక్షత్రాల థీమ్ అనుకున్నావు, పాతికమంది వస్తారన్నావు, చేతిలో వారం టైముంది, ఓవెన్ ఒకటే. సరిపోతుంది. కానీ నువ్వు పంపిన జాబితాలో సగం కొట్టేస్తున్నాను, ఏమీ అనుకోకు.

ముదురు నీలం క్రీమ్ కప్‌కేకులు, నీలం కుకీలు, నీలం కేక్ పాప్స్ (పుల్లకి గుచ్చి చాక్లెట్‌లో ముంచే కేకు ఉండలు) అని రాశావు. అంత ముదురు నీలం రావాలంటే క్రీమ్‌లో రంగు బోలెడు పోయాలి. క్రీమ్ చేదెక్కుతుంది, పిల్లల పళ్ళూ నాలుకలూ నీలమవుతాయి, ఫొటోలన్నీ అలాగే వస్తాయి. రంగు పని కాగితానికి వదిలెయ్. వెనక గోడకీ, కప్‌కేకు చుట్టూ కట్టే పట్టీకీ, పళ్ళెం కింద పరిచే షీటుకీ నీలం వాడు. తిండి మాత్రం తెలుపూ, మీగడ రంగూ, చాక్లెట్ రంగూ ఉండనీ. నీలం కాగితం మీద తెల్ల కుకీ పెట్టగానే అదే చందమామ అవుతుంది, దానికి నువ్వు చెయ్యాల్సింది ఇంకేం లేదు.

రకాలు కూడా పది అక్కర్లేదు. భోజనం తర్వాత అయితే మనిషికి రెండు ముక్కలు, తీపి మాత్రమే పెడుతుంటే మూడు. పాతికమందికి మూడు చొప్పున 75. కప్‌కేకులు 24, కుకీలు 30, కేక్ పాప్స్ 24, అంతే. ఖాళీ కనిపిస్తే కాగితం పొట్లాల్లో పాప్‌కార్న్ పెట్టు. నాలుగేళ్ళలోపు పిల్లలుంటే పాప్‌కార్న్ వాళ్ళకి అందకుండా చూడు, గొంతుకి అడ్డం పడుతుంది.

కేకు పిండి ఒకటే కొలత, మూడుసార్లు కలుపుతావు. రెండు వాయిలు కప్‌కేకులకి, ఒకటి కేక్ పాప్స్‌కి. ఒక వాయికి మైదా 150 గ్రాములు, పంచదార 150, ఉప్పులేని బటర్ 115, గుడ్లు 2, పాలు 120 మి.లీ., బేకింగ్ పౌడర్ చెంచాన్నర, వెనిలా చెంచా, చిటికెడు ఉప్పు. చెంచా అంటే 5 మి.లీ. కొలత చెంచా, డబ్బాలో పడుండే చెంచా కాదు. మైదా కప్పుతో కొలవకు, కాటా మీద తూచు. కప్పులో కుదిస్తే ఒకలా, వదులుగా పోస్తే ఒకలా వస్తుంది, గట్టి కేకులు చాలావరకు అందుకే.

బటర్, గుడ్లు, పాలు గంట ముందే ఫ్రిజ్‌లోంచి తీసి బయట పెట్టు. వేలితో నొక్కితే బటర్ మీద గుంట పడాలి గానీ నూనె మెరవకూడదు. బటర్, పంచదార కలిపి రంగు తేలేదాకా మూడు నాలుగు నిమిషాలు గిలక్కొట్టు. ఆ నురుగులో చిక్కిన గాలి కేకు పొంగడానికి సాయపడుతుంది. గుడ్లు ఒక్కొక్కటిగా వెయ్యి. చల్లటి గుడ్డు వేస్తే మిశ్రమం విరిగినట్టు గింజలు గింజలుగా అవుతుంది. అలా అయితే ఒక చెంచా మైదా వేసి కలిపితే సర్దుకుంటుంది. తర్వాత మైదా, పాలు మార్చి మార్చి పోస్తూ, తెల్ల పొడి కనపడకుండా పోగానే ఆపెయ్. ఇంకా తిప్పావంటే జిగురు లేచి కేకు సాగుతుంది, లోపల సొరంగాల్లా కన్నాలు పడతాయి. కాగితం కప్పుల్లో మూడింట రెండొంతులు మాత్రమే నింపు. 175 డిగ్రీల సెల్సియస్‌లో 18 నుంచి 20 నిమిషాలు. పుల్ల గుచ్చితే తడి పిండి అంటకూడదు. పావుగంట దాటేదాకా తలుపు తెరవకు.

కాలిన కప్‌కేకుల్ని ట్రేలో అయిదు నిమిషాల కంటే ఎక్కువ ఉంచకు. వేడిగా ఉండగా డబ్బాలో మూసినా ఇబ్బందే. ఆవిరి పట్టి కాగితం తడిసి కేకు నుంచి ఊడిపోతుంది. జాలీ మీద పూర్తిగా చల్లారనీ.

క్రీమ్‌కి లెక్క సులభం, బటర్‌కి రెట్టింపు ఐసింగ్ షుగర్. 24 కప్‌కేకులకి బటర్ 340 గ్రాములు, జల్లించిన ఐసింగ్ షుగర్ 680, పాలు మూడు నాలుగు టేబుల్ స్పూన్లు. షుగర్ మూడు విడతలుగా వెయ్యి, లేకపోతే వంటగదంతా తెల్లబడుతుంది. బటర్ 32 నుంచి 35 డిగ్రీల దగ్గర కరిగిపోతుంది కాబట్టి వేడి గదిలో ఈ క్రీమ్ జారుతుంది. గదిలో చల్లదనం ఉండదని తెలిస్తే సగం బటర్ బదులు వెజిటబుల్ షార్టెనింగ్ (వనస్పతి లాంటి గట్టి కొవ్వు) వెయ్యి. రుచి కొంచెం తగ్గుతుంది, ఆకారం నిలబడుతుంది. పైపింగ్ బ్యాగుని మరీ నింపకు, అరచేతి వేడికే లోపల క్రీమ్ మెత్తబడుతుంది.

మూడో వాయిని 20 సెం.మీ. చదరపు ట్రేలో కాల్చి, చల్లారాక పొడి పొడిగా నలుపు. కాలిన అంచులు తీసెయ్, అవి ఉండలో గట్టిగా తగులుతాయి. నాలుగు టేబుల్ స్పూన్ల క్రీమ్ వేసి కలిపి పిడికిట్లో నొక్కి చూడు. ముద్ద కట్టి, చేతికి అంటకుండా ఉండాలి. విడిపోతుంటే ఇంకో అర చెంచా. ఎక్కువైతే ఉండ బరువెక్కి పుల్ల మీద నుంచి కిందికి జారుతుంది, కేక్ పాప్స్‌లో జరిగే నష్టం ఎక్కువగా ఇదే. 25 గ్రాముల చొప్పున తూచి 24 ఉండలు చెయ్యి. ఫ్రిజ్‌లో అరగంట, ఫ్రీజర్‌లో వద్దు.

పై పూతకి వైట్ కాంపౌండ్ (కోకో బటర్ బదులు వేరే కొవ్వుతో చేసే తెల్ల చాక్లెట్) 450 గ్రాములు. మామూలు చాక్లెట్ అయితే టెంపరింగ్, అంటే వేడి కొలుచుకుంటూ కరిగించి చల్లార్చడం, చెయ్యాలి, ఈ పనుల మధ్య అది నెత్తికెత్తుకోకు. మైక్రోవేవ్‌లో సగం పవర్ మీద 30 సెకన్లు పెట్టడం, తీసి తిప్పడం, అలా కరిగేదాకా. గిన్నెలో, గరిటెకి ఒక్క చుక్క నీళ్ళున్నా చాక్లెట్ బిరుసెక్కి ముద్దకడుతుంది. అది ఇక పూతకి పనికిరాదు, వేడి పాలు పోసి సాస్ చేసుకోవడమే. నీళ్ళ రంగులూ అంతే, చాక్లెట్‌లో కలపాలంటే నూనె రంగులే కొనాలి. చిక్కగా ఉంటే కొబ్బరినూనె ఒక చెంచా కలుపు.

ఇప్పుడు పుల్ల. కొసని ఒక సెంటీమీటరు చాక్లెట్‌లో ముంచి, ఉండలోకి సగం దాకా దించి, ఆ చాక్లెట్ గట్టిపడేదాకా వదిలెయ్. అదే ఉండని పట్టి ఉంచేది. ముంచేటప్పుడు పొడుగాటి గ్లాసులో పోసుకుంటే ఒక్క మునకలో మొత్తం పడుతుంది. పైకి తీసి, పుల్లని అడ్డంగా పట్టుకుని, ఇంకో చేత్తో మణికట్టు మీద నెమ్మదిగా తట్టు, ఎక్కువైంది కారిపోతుంది. ఉండలు ఫ్రిజ్ నుంచి తీశాక అయిదు నిమిషాలు ఆగాకే ముంచు. మరీ చల్లగా ఉన్న ఉండ పూత గట్టిపడ్డాక గది వేడికి కాస్త ఉబ్బుతుంది, దాంతో పూత చిట్లి గీత పడుతుంది. చిట్లిన చోట బంగారు రంగు చక్కెర నక్షత్రం అంటించు, ఎవరికీ తెలీదు.

కుకీలకి బటర్ 225 గ్రాములు, పంచదార 200, గుడ్డు 1, మైదా 375, వెనిలా చెంచా, ఉప్పు అర చెంచా. బేకింగ్ పౌడర్ లేదేమిటని అడగకు. వేస్తే కుకీ పక్కలకి పాకి అంచు పోతుంది. పిండిని రెండు బటర్ పేపర్ల మధ్య 6 మి.మీ. మందాన వత్తి, 7 సెం.మీ. గుండ్రటి కట్టర్‌తో కొయ్యి. నెలవంక కట్టర్ వేరే కొనక్కర్లేదు, అదే కట్టర్‌ని రెండు సెంటీమీటర్లు పక్కకి జరిపి మళ్ళీ నొక్కితే నెలవంక వస్తుంది. కోసినవి ట్రేతో సహా 20 నిమిషాలు ఫ్రిజ్‌లో పెట్టాకే ఓవెన్‌లోకి. పున్నమి చంద్రుళ్ళు 175 డిగ్రీల్లో 10 నుంచి 12 నిమిషాలు, నెలవంకలు ఎనిమిది తొమ్మిది. రెండూ ఒకే ట్రేలో కాల్చకు, గుండ్రటివి అయ్యేలోపు నెలవంక కొసలు మాడతాయి.

పైన తెల్ల ఐసింగ్‌కి ఐసింగ్ షుగర్ 450 గ్రాములు, మెరాంగ్ పౌడర్ (ఎండబెట్టిన గుడ్డు తెల్లసొన పొడి) 30, నీళ్ళు 80 మి.లీ. గిన్నెకి జిడ్డుంటే ఇది పొంగదు. అంచు గీయడానికి టూత్‌పేస్టంత గట్టిగా ఉంచుకుని, మిగిలినదాంట్లో నీళ్ళు అర చెంచా చొప్పున కలుపు. కత్తితో గీత గీస్తే 15 నుంచి 20 లెక్కపెట్టేలోపు మాసిపోవాలి. పదికే మాసిపోతే అంచు దాటి కారుతుంది, షుగర్ కలుపు. గాలి బుడగలు పగిలి గుంటలు పడితే మామూలుగా చిరాకు, చందమామ మీద అవే అందం. వదిలెయ్. ఆరడానికి 8 నుంచి 12 గంటలు పడుతుంది. ఆరకముందు ఒకదానిమీద ఒకటి పేర్చకు.

ఇక కాగితం. నక్షత్రాలకి 180 నుంచి 200 జీఎస్‌ఎం (చదరపు మీటరుకి గ్రాములు) కాగితం తీసుకో, గోడకి పెట్టే విసనకర్ర మడతల చక్రాలకి 80 నుంచి 120. నక్షత్రాన్ని చూపుకి గీస్తే అయిదు కొసలూ అయిదు రకాలుగా వస్తాయి. ఒకే కేంద్రం మీద 8 సెం.మీ., 3 సెం.మీ. వ్యాసార్థాలతో రెండు వృత్తాలు గియ్యి. పెద్దదాని మీద కోణమానినితో 72 డిగ్రీలకొకటి అయిదు చుక్కలు, చిన్నదాని మీద వాటికి సరిగ్గా మధ్యలో, అంటే 36 డిగ్రీలు జరిపి, అయిదు చుక్కలు. వరసగా కలిపితే నక్షత్రం. సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో, స్కేలు ఆన్చి, ప్రతి చుక్క నుంచి కేంద్రానికి గట్టిగా గీత లాగు. పొడుగు కొసల గీతలు పైకి, లోపలి మూలల గీతలు కిందికి మడిస్తే నక్షత్రం ఉబ్బి నిలబడుతుంది, ఒక వైపు వెలుగు, ఒక వైపు నీడ పడుతుంది. ఈ గీత లేకుండా మందం కాగితం మడిస్తే మడత వంకరపోయి రంగు చిట్లుతుంది.

గోడకి మడత చక్రాలు. ఏ4 షీటుని నిలువునా 10 సెం.మీ. వెడల్పు పట్టీలుగా కోస్తే షీటుకి రెండొస్తాయి. మూడు పట్టీలు అతికిస్తే ఒక చక్రం, 20 సెం.మీ. వ్యాసం. రెండు పట్టీలతోనే సరిపెడదామనుకోకు. 10 సెం.మీ. వెడల్పు పట్టీ విచ్చుకుంటే బయటి అంచు చుట్టుకొలత 63 సెం.మీ. ఉంటుంది, రెండు పట్టీలు కలిపినా 59 మించవు. అందుకే చక్రం పరుచుకోకుండా గంపలా లేస్తుంది. మూడైతే 86 దాకా వస్తుంది, ఆ ఎక్కువే మడతల లోతు. 1.5 సెం.మీ. చొప్పున విసనకర్ర మడతలు పెట్టి, ప్రతి మడతనీ గోటితో లాగు. మడతల లెక్క సరి సంఖ్య కావాలి, లేకపోతే రెండు కొసలూ అతికేచోట రెండు గుట్టలు పక్కపక్కన వస్తాయి. పెద్ద చార్టు నుంచి కోసేటప్పుడు ముందు రెండు దిక్కులా వంచి చూడు. ఏ దిక్కున తేలిగ్గా వంగితే మడతలు ఆ దిక్కున వచ్చేలా కొయ్యి, పగలదు. గొట్టంలా అతికించి నిలబెట్టి, పై అంచుని రెండు చేతులతో మధ్యకి తోస్తూ కిందికి నొక్కు. వెనకా ముందూ 4 సెం.మీ. అట్ట చక్రం హాట్ గ్లూతో అంటించి, చల్లారేదాకా బరువైన పుస్తకం పెట్టు. ముందే చెయ్యి తీస్తే స్ప్రింగులా లేచి కూర్చుంటుంది. పెద్దవి నాలుగు, చిన్నవి అయిదు చాలు.

కప్‌కేకు చుట్టూ పట్టీ తిన్నగా కోస్తే కింద వదులుగా వేలాడుతుంది, ఎందుకంటే కప్పు కింద సన్నం, పైన వెడల్పు. పట్టీ విల్లులా వంగి ఉండాలి. నీ కప్పు అడుగు వ్యాసం 5 సెం.మీ., పైన 7, వాలు ఎత్తు 4.5 అనుకుంటే, కంపాస్‌తో ఒకే కేంద్రం నుంచి 11.2 సెం.మీ., 15.7 సెం.మీ. విల్లులు గీసి 85 డిగ్రీల ముక్క తీసుకో. 80 డిగ్రీలు చుట్టుకి, మిగతాది జిగురుకి. కొలత వేరైతే అడుగు వ్యాసాన్ని వాలు ఎత్తుతో గుణించి, పైదానికీ కిందిదానికీ ఉన్న తేడాతో భాగించు, లోపలి విల్లు వ్యాసార్థం వస్తుంది. దానికి వాలు ఎత్తు కలిపితే బయటిది. ఏ4 షీటుకి మూడు పడతాయి. ముందు ఒకటి మామూలు కాగితంతో కోసి తొడిగి చూశాకే మిగతా 23.

ఒక్క జాగ్రత్త. ప్రింటరు సిరా, జిగురు, చేతిపనుల మెరుపు పొడి తిండికి తగలకూడదు. డబ్బా మీద విషం కాదని రాసినంత మాత్రాన అది తినేది కాదు, తినదగినదని స్పష్టంగా రాసుంటేనే కేకు మీద చల్లు. కుకీల కింద నీలం షీటు పరిస్తే మధ్యలో బటర్ పేపర్ వెయ్యి, లేకపోతే నూనె మరకలు తేలుతాయి. చిన్నపిల్లల కప్‌కేకుల మీద టూత్‌పిక్ బదులు మొద్దు కొసల పుల్లలు వాడు. కొవ్వొత్తులు వెలిగించే కేకు బల్ల ముందు అంచున పెట్టు, దాని మీదికి ఏ కాగితమూ వేలాడకూడదు.

పని వరస ఇది. కాగితం పనంతా వారం మొదట్లోనే. నాలుగు రోజుల ముందు కుకీలు, రెండు రోజుల ముందు వాటి ఐసింగ్. ముందురోజు పొద్దున కేక్ పాప్స్, సాయంత్రం కప్‌కేకులు కాల్చడం. పుట్టినరోజు పొద్దున క్రీమ్ పెట్టడమే మిగలాలి. కప్‌కేకులు ఫ్రిజ్‌లో పెట్టకు, ఎండిపోతాయి. ఇంత చెప్పాక కూడా పాల క్రీమ్, కస్టర్డ్ లాంటివి పెడతానంటే, బల్ల మీద రెండు గంటలు, 32 డిగ్రీలు దాటిన ఎండైతే గంట, అంతకు మించి ఉంచకు.

బల్ల సర్దేటప్పుడు వెనక వరస 30 సెం.మీ. ఎత్తు, మధ్య వరస 15, ముందు నేరుగా పళ్ళేలు. ఎత్తుకి అట్టపెట్టెలు గుడ్డ కింద పెట్టు, కానీ లోపల బరువేదైనా ఉంచు. ఒక పిల్లాడు గుడ్డ లాగితే చాలు. కేక్ పాప్స్ గుచ్చే థర్మకోల్ దిమ్మెకి కూడా కింద రెండు వైపులా టేపు అంటించు. పేర్ల చీటీల మీద గుడ్డు, పాలు, గోధుమ, ఇంకేమైనా గింజలు ఉంటే అవీ పెద్ద అక్షరాలతో రాయి, పడనివాళ్ళు అడగడానికి మొహమాటపడతారు. అన్నీ ఒకేసారి బల్ల మీదికి తేకు. మూడోవంతు లోపల దాచి, ఖాళీ అయినకొద్దీ నింపు. పట్టీలు మాత్రం నాలుగైదు ఎక్కువే కోసుకో, క్రీమ్ అంటి ఒకటి రెండు ఎలాగూ పాడవుతాయి.

పెద్దమ్మ