పిల్లలకు విజ్ఞాన గ్రంథాలు కొనే ముందు

చిరంజీవి మేనల్లుడికి మామయ్య ఆశీస్సులు.

బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు చదివే మన పిల్లలకు ఏ నిఘంటువు, ఏ అట్లాసు, ఏ విజ్ఞాన సర్వస్వం కొనాలని అడిగావు. పర్లాకిమిడిలో కొన్నా, బరంపురంలో కొన్నా, అట్ట చూసి మురిసిపోకుండా, నీకు ముందే బాగా తెలిసిన విషయాన్ని అందులో వెతికి చూడు.

అట్లాసు తెరవగానే వంశధారను పట్టుకో. ఆ నది రాయగడ, గజపతి జిల్లాల మీదుగా శ్రీకాకుళం జిల్లాలోకి దిగి కళింగపట్నం దగ్గర సముద్రంలో కలుస్తుందని మనకు తెలుసు కదా. రాష్ట్ర సరిహద్దు రాగానే నది గీత ఆగిపోయిందంటే ఆ పటాన్ని నమ్మకు. ఒడిశాలో ఎత్తయిన శిఖరం ఏదని చూడు. 1,672 మీటర్ల దేవమాలి అని ఉండాలి, 1,501 మీటర్ల మన మహేంద్రగిరి కాదు. మొదటి పేజీలోని ముద్రణ సంవత్సరం చూసి మోసపోవద్దు, ఎందుకంటే పాత సరుకునే తిరిగి అచ్చువేసి కొత్త సంవత్సరం వేసేవారు ఉన్నారు. 2006లో గ్రహాల జాబితా నుంచి తొలగిన ప్లూటో, 2014లో ఏర్పడిన తెలంగాణ, 2022లో 13 నుంచి 26 అయిన ఆంధ్రప్రదేశ్ జిల్లాలు ఎలా ఉన్నాయో చూస్తే పుస్తకం అసలు వయసు బయటపడుతుంది.

నిఘంటువు విషయంలో పెద్ద పేర్లకు లొంగకు. 1885 నాటి శబ్దరత్నాకరం పద్యాలు చదివేవారికి పెన్నిధే గాని, ఎనిమిదో తరగతి పిల్లవాడికి బరువు. ప్రహరాజ్ గారి ఏడు సంపుటాల ఒడియా భాషాకోశం గ్రంథాలయంలో చూసుకోవలసినదే. ‘చేశాడు’ అనే మాటకు అర్థం ‘చేయు’ దగ్గర వెతకాలని పిల్లవాడికి ముందు నేర్పు. అది రాకపోతే ఏ నిఘంటువూ పనికిరాదు.

వాయిదాల మీద అమ్మే సంపుటాల జోలికి పోకు. ఆ డబ్బుతో నేషనల్ బుక్ ట్రస్టు వారి పిల్లల పుస్తకాలు కొను. వారు తెలుగులోనూ ఒడియాలోనూ ప్రచురిస్తారు గనుక, ఒకే పుస్తకం రెండు భాషల్లో దొరికితే రెండూ తీసుకుని పక్కపక్కన పెట్టి చదివించు. సైన్సుకు ఎన్‌సీఈఆర్‌టీ పాఠ్యపుస్తకాలు ఇంగ్లీషులో అంతర్జాలంలో ఉచితంగానే ఉన్నాయి. విజ్ఞాన సర్వస్వం కొనక తప్పదంటే, చివర విషయసూచిక ఉన్నదే ఎంచుకుని, పిల్లవాడు అడిగిన ప్రశ్నకు సమాధానం వాడిచేతే అంగట్లోనే వెతికించు. వాడికి దొరకకపోతే పుస్తకం అక్కడే పెట్టి రండి.

ఇట్లు,
నీ మామయ్య